మరపు ఎరుగని ప్రభువు

నవంబరు నెల వచ్చిందంటే నెల్లూరు తీరానికి కంటి మీద కునుకు ఉండదు. మిగతా జిల్లాల్లో వానలు వెనకపట్టు పట్టే వేళకు ఇక్కడ ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవుతాయి. మైపాడు నుంచి తుమ్మలపెంట దాకా, కృష్ణపట్నం నుంచి పులికాట్ అంచు దాకా ప్రతి ఇంట్లో పెద్దవాళ్లు ఆకాశం వంక చూస్తూ పాత సంవత్సరాలను తలుచుకుంటారు. 1927 నవంబరు తుఫాను సంగతి తాతలు చెప్పగా విన్నవాళ్లున్నారు. 1989 నవంబరులో థాయిలాండ్ సింధుశాఖలో పుట్టి, ఒక దేశాన్ని దాటి, బంగాళాఖాతమంతా ఈదుకుంటూ వచ్చి కావలి దగ్గర తీరం తాకిన తుఫానును కళ్లారా చూసినవాళ్లున్నారు. 2004 డిసెంబరు 26 ఆదివారం ఉదయం ఏ గాలీ వానా లేకుండానే సముద్రం లేచి ఊళ్ల మీదికి రావడాన్ని చూసినవాళ్లకు లెక్కలేదు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు వద్ద రైలుపట్టాల కింది కట్టను కోసేసిన సంగతి నిన్నమొన్నటిది.

ఇవన్నీ పత్రికలకెక్కిన ఆపదలు. పత్రికలకెక్కని ఆపదలు ఇంతకు ఎన్నో రెట్లు. తెల్లమచ్చ రోగం తగిలి రాత్రికి రాత్రి రొయ్యల గుంట ఖాళీ అయిన కౌలుదారు, పనికని గల్ఫ్‌కు పోయి ఏడాదిగా ఫోను చేయని కొడుకు, వేటకు పోయి తిరిగిరాని బోటు. ఇటువంటి ఇళ్లలో ఎవరూ గొంతెత్తి అనరు గాని, మనసులో ఒక ప్రశ్న మెదులుతూనే ఉంటుంది.

ఆ ప్రశ్నను ఒక తల్లి బయటికే అడిగింది. ఆమె భర్త బోటు ఇంజన్లు బాగుచేసే మెకానిక్. ఒకనాడు ఇంజను మరమ్మతు చూడడానికని బోటుతో పాటే సముద్రంలోకి వెళ్లాడు. బోటు రాలేదు. మనిషీ రాలేదు. శవమూ దొరకలేదు. మొదటి నెల ఊరంతా వచ్చింది. ఆరు నెలలకు చుట్టాలు మాత్రమే వచ్చారు. రెండేళ్లకు ఎవరూ రాలేదు. "అందరూ మర్చిపోయినారన్నా. అల్లా కూడా మర్చిపోయినాడేమో అనిపిస్తాది. అట్టా అనుకుంటే గునా అవతాదా?" అని ఆమె అడిగింది.

ఆమెకు వెంటనే జవాబు చెప్పడం కష్టం. చేతికొచ్చిన ఒక ధర్మవాక్యం చెప్పి పంపేయడం సులువే. కాని ఆ ప్రశ్న వెనుక ఎన్ని రాత్రుల జాగారం ఉందో తెలిసినవాడు అలా చేయలేడు. అందువల్ల దివ్య ఖుర్ఆన్ ఈ ప్రశ్నకు ఏమి జవాబిచ్చిందో నిదానంగా పరిశీలించడం మనందరికీ అవసరం.

మొదట గమనించవలసిన సంగతి ఒకటుంది. ఈ ప్రశ్న ఆ తల్లికి మాత్రమే వచ్చింది కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) జీవితంలోనే ఇది ఎదురైంది. మక్కాలో తొలి రోజుల్లో కొంతకాలం దైవవాణి ఆగిపోయింది. ప్రవక్త (స) అస్వస్థులై రెండు మూడు రాత్రులు నమాజ్‌కు లేవలేకపోయారని, అప్పుడు విరోధులలో ఒక స్త్రీ వచ్చి, నీ దగ్గరికి వచ్చేవాడు నిన్ను వదిలేసినట్టున్నాడే అని ఎత్తిపొడిచిందని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. సాక్షాత్తు దైవప్రవక్తకే (స) ఇటువంటి మాట వినవలసి వచ్చిందంటే, సామాన్యుల గుండెలో అది మెదలడం వింత కాదు.

ఆ సందర్భంలో అవతరించినదే 93వ సూరా 'అజ్జుహా'. పదకొండు ఆయతులు గల చిన్న సూరా. మన పిల్లలు మక్తబ్‌లో మొదట కంఠస్థం చేసే సూరాలలో ఇది ఒకటి. పొద్దెక్కే వేళనూ, నిశ్శబ్దంగా కమ్ముకునే రాత్రినీ సాక్ష్యంగా పెట్టి, ప్రభువు తన ప్రవక్తను విడనాడలేదనీ, ఆయనపై అలగనూ లేదనీ అందులో అల్లాహ్ సెలవిచ్చాడు. ఎండా రాత్రీ రెండూ ఎందుకు? పగలు ఎంత నిజమో రాత్రి కూడా అంతే నిజం, రెండూ ఒకే ప్రభువు చేతిలోనివే అని చెప్పడానికి. వెలుగు కనిపించనంత మాత్రాన సూర్యుడు లేడని ఎవరూ అనరు. దైవవాణి ఆగినంత మాత్రాన దైవం వదిలేశాడనడమూ అంతే పొరపాటు.

మరొకసారి దైవదూత జిబ్రీల్ (అ) రాక ఆలస్యమైనప్పుడు, ఇంకా తరచుగా రావచ్చును కదా అని ప్రవక్త (స) ఆయనను అడిగారు. అందుకు జవాబుగా 19వ సూరా 'మర్యమ్'లోని 64వ ఆయతు వచ్చింది. దూతలు తమంతట తాము దిగిరారనీ, ప్రభువు ఆజ్ఞతోనే వస్తారనీ, మన ముందున్నదీ వెనుకనున్నదీ నడుమనున్నదీ అంతా ఆయనదేననీ, మరచిపోవడం ఆ ప్రభువు స్వభావంలోనే లేదనీ దాని సారాంశం. ఇందులో ఒక సూక్ష్మం ఉంది. ఆలస్యం జరిగిన మాటను ఖుర్ఆన్ కాదనలేదు. ఆలస్యం ఆజ్ఞ వల్ల జరిగిందే గాని మరపు వల్ల కాదు అన్నది. ఈ రెండింటికీ ఉన్న తేడాయే విశ్వాసికి ఊరట.

ఆ తేడా ఎటువంటిదో యూసుఫ్ (అ) గాథలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఆయన చెరసాలలో ఉన్నప్పుడు తోటి ఖైదీ ఒకడు విడుదలై రాజు కొలువుకు పోతున్నాడు. మీ యజమాని దగ్గర నా సంగతి చెప్పు అని యూసుఫ్ (అ) అతన్ని కోరారు. బయటపడినవాడు ఆ మాట మరచాడు. యూసుఫ్ (అ) మరి కొన్నేళ్లు ఆ చీకటి గదిలోనే ఉండిపోయారు. మేలు పొందినవాడే మరచిపోవడం మన తీరంలో కొత్త సంగతి కాదు. అయితే మనిషి మరచిన ఆ ఏళ్లలో దైవం మరచాడా? లేదు. రాజుకు కల వచ్చింది. ఆ కలకు అర్థం చెప్పేవారు లేకపోయారు. అప్పుడు ఆ మరచినవాడికి గుర్తుకొచ్చింది. ముందే విడుదలై ఉంటే యూసుఫ్ (అ) విడుదలైన ఒక ఖైదీగా మాత్రమే ఉండేవారు. ఆలస్యంగా వచ్చినందువల్ల కరవు నుంచి ఒక దేశాన్ని కాపాడే అధికారిగా బయటికొచ్చారు.

అదే గాథలో తండ్రి యాఖూబ్ (అ) సంగతీ ఉంది. బిడ్డ కోసం ఏడ్చి ఏడ్చి ఆయన కళ్లు తెల్లబడిపోయాయి. ఇంకా ఎన్నాళ్లు తలుచుకుంటావు అని కొడుకులే విసుక్కున్నారు. నా దుఃఖాన్ని అల్లాహ్‌కే మొరపెట్టుకుంటున్నానని ఆయన జవాబిచ్చారు. ఏడుపు అవిశ్వాసం కాదు. తన చిన్నారి కుమారుడు ఇబ్రాహీం చనిపోయినప్పుడు ప్రవక్త (స) కళ్లు చెమర్చాయి. ఏడ్చేవారిని చూసి నీకు సబ్ర్ లేదు, ఈమాన్ లేదు అని మందలించే పెద్దలు ఈ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. సబ్ర్ అంటే కన్నీళ్లు రాకపోవడం కాదు. కన్నీళ్లతోనైనా ప్రభువు వాకిలి వదలకపోవడం.

సముద్రం ఒడ్డున బతికేవారికి మరీ దగ్గరైన గాథ మూసా (అ) తల్లిది. కన్నబిడ్డను పెట్టెలో పెట్టి నీళ్లలో వదలమన్న ఆజ్ఞ ఆమెకు వచ్చింది. వదిలింది. ఆ తర్వాత ఆమె గుండె ఖాళీ అయిపోయిందని, అల్లాహ్ ఆ గుండెను పట్టి నిలపకపోతే రహస్యం బయటపెట్టేసేదే అని 28వ సూరా చెబుతుంది. ఏ నీళ్లు బిడ్డను తీసుకుపోయాయో ఆ నీళ్లే బిడ్డను పాలిచ్చే తల్లి ఒడికి తిరిగి చేర్చాయి.

అయితే ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పుకోవాలి. నీళ్లు తీసుకుపోయిన ప్రతి బిడ్డా తిరిగిరాడు. ఆ మాట తీరం మీద ఉన్నవారికి ఒకరు చెప్పనక్కరలేదు. మూసా (అ) తల్లికి ఇచ్చిన వాగ్దానం ఆమెకు ఇచ్చినది. దాన్ని చూపించి, నీ భర్త కూడా తిరిగొస్తాడమ్మా అని భరోసా ఇచ్చే హక్కు మనకు లేదు. లేని వాగ్దానాన్ని దైవం పేరిట చేయడం ఓదార్పు కాదు. నాలుగేళ్లకు అది కూలిపోయినప్పుడు ఆమె విశ్వాసాన్ని కూడా వెంట తీసుకుపోతుంది.

మరి తిరిగిరానివారి విషయంలో అభయం ఏమిటి? నేల మీదా కడలిలో ఉన్నదంతా ఆయనకు తెలుసనీ, ఆయనకు తెలియకుండా ఒక్క ఆకైనా రాలదనీ 6వ సూరా 59వ ఆయతు తెలుపుతుంది. గడచిపోయిన తరాలవారి గతి ఏమిటని ఫిరౌన్ అడిగినప్పుడు, వారి వివరం నా ప్రభువు దగ్గర ఒక గ్రంథంలో ఉన్నదనీ, ఆయన పొరపడడనీ మరువడనీ మూసా (అ) బదులిచ్చిన సంగతి 20వ సూరాలో ఉంది. 1927 తుఫానులో పోయినవారి పేర్లు ఈనాడు ఎవరికి తెలుసు? వాళ్ల మనవలు కూడా పోయారు. కాని ఆ గ్రంథంలో ఒక్క పేరూ చెరగలేదు. ఇక నీటమునిగి మరణించిన విశ్వాసిని దైవప్రవక్త (స) షహీదుల కోవలో చేర్చి చెప్పారు. సమాధి లేకపోయినా, జనాజా లేవకపోయినా, ఆ మనిషి అల్లాహ్ దగ్గర తప్పిపోయినవాడు కాడు. మనకు ఆచూకీ తెలియకపోవచ్చు. ఆయనకు ఆచూకీ తెలియని చోటు లేదు.

కొందరికి ఇక్కడ ఒక సందేహం రావచ్చు. 9వ సూరా 67వ ఆయతులో, కపటులు అల్లాహ్‌ను మరచారనీ ఆయనా వారిని మరచాడనీ వస్తుంది కదా, మరి మరపు లేనివాడు మరవడమేమిటి? ఇక్కడ మరవడమంటే జ్ఞాపకం తప్పడం కాదని, తన కారుణ్యానికి దూరంగా వారి దారిన వారిని వదిలేయడమని వ్యాఖ్యాతలు వివరించారు. అక్కడ చెప్పినది కపటుల సంగతి. రాత్రి లేచి, నన్ను మరిచావా ప్రభూ అని ఏడ్చేవాడు ఆయనను మరచినవాడు కాడు. మరచినవాడు ఆయనను అడగనే అడగడు. ఆ తల్లి ప్రశ్నే ఆమె విశ్వాసానికి సాక్ష్యం.

ఇంతవరకు ఓదార్పు. కాని మనం ఇక్కడితో ఆగిపోతే ఖుర్ఆన్‌ను సగం చదివినట్టే. 'అజ్జుహా' సూరాను చివరిదాకా చూడండి. ప్రభువు నిన్ను విడువలేదని చెప్పిన తర్వాత, నీవు అనాథగా ఉన్నప్పుడు నీడ ఇచ్చాడు, దారి తెలియనప్పుడు దారి చూపాడు, లేమిలో ఉన్నప్పుడు కలిమి ఇచ్చాడు అని మూడు మేళ్లు గుర్తుచేస్తుంది. ఆ వెంటనే మూడు ఆజ్ఞలు వస్తాయి. అనాథను అణచివేయవద్దు, అడిగినవాడిని కసరవద్దు, ప్రభువు చేసిన మేలును చాటుతూ ఉండు. నిన్ను మరవలేదన్న ఊరట, నీవు ఎవరినీ మరవవద్దన్న బాధ్యతతోనే ముగుస్తుంది. ప్రళయదినాన అల్లాహ్ మనిషిని నిలదీసి, నేను జబ్బుపడితే చూడరాలేదే, ఆకలిగొంటే పెట్టలేదే అని అడుగుతాడనీ, ఫలానా దాసుడి మంచం దగ్గరికి పోయి ఉంటే నన్ను అక్కడ కనుగొనేవాడివి అంటాడనీ హదీసులో ఉంది. తాను మరవని దాసులను మన చేతుల మీదుగానే తలుచుకోవడం ఆయన పద్ధతి. కనుక ఆ తల్లి ప్రశ్న ఆకాశం వైపు అడిగినట్టున్నా, జవాబు చెప్పవలసినది మన మసీదు కమిటీలు.

ఆచూకీ లేని మనిషిని ఫిఖ్హ్‌లో 'మఫ్ఖూద్' అంటారు. ఆయన భార్య సధవా కాదు, వితంతువూ కాదు. పింఛనుకు పోతే మరణ ధ్రువపత్రం అడుగుతారు. మళ్లీ నికాహ్ మాటెత్తితే భర్త బతికున్నాడేమో అంటారు. ఇటువంటి స్త్రీ నాలుగేళ్లు ఎదురుచూసి, ఆ తర్వాత నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ గడిపి నికాహ్ చేసుకోవచ్చని హజ్రత్ ఉమర్ (ర) తీర్పు ఇచ్చారు. పాత హనఫీ మతం ప్రకారం భర్త ఈడువాళ్లంతా పోయేదాకా ఆగాలి, ఒక లెక్కన ఆయనకు తొంభై ఏళ్లు నిండేదాకా. ఈ కష్టం చూసి 1930లలో మౌలానా అష్రఫ్ అలీ థానవీ మొదలైన హనఫీ పండితులే ఇటువంటి విషయాల్లో మాలికీ మతాన్ని అనుసరించవచ్చని తేల్చారు. ఆ కృషి నేపథ్యంలోనే 1939 ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. భర్త ఆచూకీ నాలుగేళ్లు తెలియకపోతే భార్య కోర్టులో వివాహ రద్దు కోరవచ్చు. డిక్రీ ఆరు నెలల తర్వాత అమలులోకి వస్తుంది. ఈలోగా భర్త తిరిగొచ్చి కాపురానికి సిద్ధమని కోర్టుకు నమ్మకం కలిగిస్తే అది రద్దవుతుంది. ఆస్తి, పింఛను వంటివాటికి ఏడేళ్లు ఆచూకీ లేనివాడు మరణించినట్టు భావించవచ్చన్న సూత్రం వేరుగా ఉంది. పెద్ద ఆపదల తర్వాత ప్రభుత్వాలు ప్రత్యేక ఉత్తర్వులతో ఆ గడువును తగ్గించిన సందర్భాలూ ఉన్నాయి.

ఇవి ఎంతమందికి తెలుసు? తెలియక ఎన్ని ఇళ్లలో ఏడేళ్లు పదేళ్లయి, పదిహేనేళ్లయి? మనిషి కనిపించకుండా పోయిన వారంలోపే స్టేషనులో ఫిర్యాదు రాయించి రసీదు తీసుకోవడం, బోటులో ఎవరెవరు ఎక్కారో సాక్షులతో రాయించి పెట్టుకోవడం, ఆధార్, రేషను కార్డు, నికాహ్‌నామా నకళ్లు ఒక సంచిలో భద్రం చేయడం. ఇవి చిన్న పనులే. కాని దుఃఖంలో ఉన్న ఇల్లు వీటిని చేయలేదు. జమాఅత్‌లో చదువుకున్న యువకులు ఇద్దరు పోయి చేయాలి. తప్పిపోయినవాడి ఆస్తిని అన్నదమ్ములు వెంటనే పంచుకోవడం ధర్మం కాదు. ఆ ఆస్తి అమానత్‌గా ఉండాలి, దానిలోంచే భార్యాబిడ్డల ఖర్చు నడవాలి అని ఫిఖ్హ్ చెబుతుంది. ఈ మాట ఒక జుమా ఖుత్బాలో చెప్పినా కొన్ని ఇళ్లు నిలబడతాయి.

మరొకటి. సర్కారుకు మరణ ధ్రువపత్రం కావాలి. జకాత్‌కు అక్కరలేదు. పేదరికం కళ్లెదుట కనిపిస్తే చాలు. రమజానులో ఎక్కడెక్కడి నుంచో రసీదు పుస్తకాలతో వచ్చేవారికి ఇచ్చే ముందు, మన మహల్లాలో ఎదురుచూపులతో బతుకుతున్న ఇల్లు ఏదో ఒకసారి లెక్క చూసుకోవాలి. ప్రతి మసీదులో ఒక నోటుపుస్తకం ఉంచి, అటువంటి ఇళ్ల పేర్లు రాసి, నెలకొకసారి తలుపు తట్టే పని ఒకరికి అప్పగిస్తే పెద్ద ఖర్చేమీ కాదు. మొదటి నెలలో ఊరంతా వస్తుంది. రెండో ఏడు వచ్చేవాడే నిజమైన చుట్టం.

ఈ లెక్కలో మనవాళ్లు, పరాయివాళ్లు అన్న గీత గీయకూడదు. మన తీరంలో వేటకు పోయి తిరిగిరానివారిలో ఎక్కువమంది పట్టపువారు. అదే సముద్రం, అదే ఎదురుచూపు. అల్లాహ్ మీద ప్రేమతో పేదకూ అనాథకూ ఖైదీకీ అన్నం పెట్టి, తిరిగి కృతజ్ఞత కూడా కోరనివారిని 76వ సూరా మెచ్చుకుంది. ఆ ఖైదీ ఏ మతంవాడో అడగమని చెప్పలేదు. తుఫాను నాడు మసీదు వరండా తలుపు అందరికీ తెరిచి ఉంచడం ఆ ఆయతుకు మనం చేయగల చక్కని వ్యాఖ్యానం.

ఇక ఆ తల్లి ప్రశ్న. అట్టా అనుకుంటే గునా అవతాదా అని కదా ఆమె అడిగింది. అమ్మా, గుండె బరువెక్కి వచ్చిన తలపుకు ప్రభువు దాసులను పట్టుకోడు. ఆయన మీ భర్తను మరువలేదు, మిమ్మల్నీ మరువలేదు. మరచినది మేము. తప్పు మాది. ఆమె దగ్గర ఫిర్యాదు రసీదు లేదని తెలిసి, ఆ మహల్లా పెద్ద ఒకాయన మరునాడే ఆమె వెంట పోయి కాగితం రాయించారు. మనిషి దొరకలేదు. కాని తిరిగొచ్చేటప్పుడు ఆమె, "ఇన్నాళ్లకు ఒకరు అడిగినారన్నా" అన్నది.

ఓ అల్లాహ్! నీటిలో పోయినవారిని నీ కారుణ్యంలోకి తీసుకో. ఎదురుచూసే కళ్లకు నిబ్బరం ఇవ్వు. నీవు మరవని నీ దాసులను మేము మరవకుండా ఉండే బుద్ధిని మాకు ప్రసాదించు. ఆమీన్.